సంకర జాతి తల్లిదండ్రులెవరో తేల్చడానికి ఏ మార్కర్ వాడాలి?

ఆకు ఒక జాతిది, పువ్వు ఇంకో జాతిది అన్నట్టున్న మొక్క కంటపడితే అది సంకరమేనని చటుక్కున అనేస్తాం. రూపాన్ని నమ్ముకుని అంత దూరం వెళ్ళకూడదు. నేల, నీడ, మొక్క వయసు కూడా మధ్యస్థ రూపాన్ని తెచ్చిపెడతాయి. ఇంకోవైపు, ఇసుక దిబ్బల మీద బతికే పొద్దుతిరుగుడు జాతి హీలియాంథస్ అనామలస్ చాలా లక్షణాల్లో తల్లిదండ్రులిద్దరినీ దాటిపోతుంది. మధ్యస్థంగా ఉన్నదల్లా సంకరం కాదు, సంకరమైనదల్లా మధ్యస్థంగా ఉండదు. అందుకే డీఎన్ఏ దాకా వెళ్ళాల్సి వస్తుంది.

వెళ్ళాక ఎదురయ్యేది మార్కర్ల (జాతుల మధ్య తేడాను పట్టిచ్చే డీఎన్ఏ గుర్తుల) సంత. ఆర్ఏపీడీ, ఏఎఫ్ఎల్‌పీ, మైక్రోశాటిలైట్లు, ఐటీఎస్, హరితరేణువు సీక్వెన్సులు, ర్యాడ్‌సెక్, టార్గెట్ క్యాప్చర్, పూర్తి జీనోమ్. చాలామంది వీటిలో కొత్తదాన్నో, పక్క ల్యాబ్‌లో అందుబాటులో ఉన్నదాన్నో పట్టుకుని, ఆ తర్వాత దానికి సరిపోయే ప్రశ్న వెతుక్కుంటారు. వరస తిరగేయాలి. మొక్క ఏ దారిలో పుట్టిన సంకరం, మీరు అడుగుతున్నది ఏమిటి అనే రెండూ తేలితే మార్కర్ దాదాపుగా తనంతట తానే తేలుతుంది. ఇంకో నియమం కూడా ముందే చెప్పేస్తాం: ఏది ఎంచుకున్నా ఒక్కదానితో ఆగకండి. ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక మార్కర్ ఒకటి, ఒక్కరి నుంచే వచ్చే హరితరేణువు మార్కర్ ఒకటి జంటగా ఉండాల్సిందే.

ముందు క్రోమోజోముల లెక్క

సంకర జాతులు రెండు దారుల్లో పుడతాయి. ఒక దారిలో రెండు జాతులు కలిశాక క్రోమోజోముల సంఖ్య రెట్టింపవుతుంది. వేరుశనగ అలా పుట్టిందే. అరాకిస్ డ్యూరనెన్సిస్, అరాకిస్ ఇపయెన్సిస్ అనే అడవి జాతులకు చెరో 20 క్రోమోజోములు, సాగు వేరుశనగకు 40. ఆవ మొక్క బ్రాసికా జన్సియాకు 36 ఉంటాయి. బ్రాసికా రాపా 20, బ్రాసికా నైగ్రా 16 కలిపితే ఆ లెక్క సరిపోతుంది. రెండో దారిలో సంఖ్య మారదు. దీనికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ పొద్దుతిరుగుడే. హీలియాంథస్ ఆన్యువస్, హీలియాంథస్ పెటియోలారిస్‌లకూ, వాటి సంకరం నుంచి వచ్చాయని చెప్పే మూడు జాతులకూ 34 క్రోమోజోములే.

మార్కర్ల విషయంలో ఈ తేడాయే అసలైనది. రెట్టింపైన సంకరంలో తల్లి క్రోమోజోములు తమలో తాము, తండ్రి క్రోమోజోములు తమలో తాము జతకడతాయి. అందుకని క్రోమోజోము మీది ఒక నిర్దిష్ట స్థానంలో, అంటే ఒక లోకస్‌లో తల్లి అల్లీల్ (ఆ స్థానంలో ఉండే డీఎన్ఏ రూపం), తండ్రి అల్లీల్ రెండూ ఎన్ని తరాలైనా ప్రతి మొక్కలోనూ పక్కపక్కనే కనిపిస్తాయి. విడిపోవు. రెట్టింపు కాని సంకరంలో ఈ స్థితి మొదటి తరంలోనే ఉంటుంది. రెండో తరం నుంచి అల్లీళ్ళు విడిపోవడం మొదలై, జాతి స్థిరపడేసరికి ఒక లోకస్‌లో తల్లిది మాత్రమే, పక్క లోకస్‌లో తండ్రిది మాత్రమే మిగులుతుంది. జీనోమ్ అతుకుల బొంతలా తయారవుతుంది. బొంతలో ఏ గుడ్డ ఎక్కడిదో చెప్పాలంటే నాలుగైదు చోట్ల చూస్తే చాలదు. రెట్టింపైన సంకరానికి పది మంచి మార్కర్లతో తేలే పని, రెట్టింపు కానిదానికి జీనోమంతా పరుచుకున్న వందల మార్కర్లు అడుగుతుంది.

లెక్క తేల్చడానికి ఫ్లో సైటోమెట్రీ (కణ కేంద్రకాల్లోని డీఎన్ఏ మోతాదును యంత్రంతో కొలవడం) త్వరగా అవుతుంది. చిన్న తాజా ఆకు ముక్కను, జీనోమ్ పరిమాణం తెలిసిన మరో మొక్క ఆకుతో కలిపి బఫర్‌లో బ్లేడుతో తరిగి, వడకట్టి, ప్రోపిడియం అయోడైడ్‌తో రంగు పట్టించి చదవాలి. ఇది చెప్పేది డీఎన్ఏ మోతాదే, క్రోమోజోముల సంఖ్య కాదు. తల్లిదండ్రుల జీనోములు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయితే మోతాదు చూసి పొరబడతాం. ఒక్కో జాతిలో కనీసం ఒకటి రెండు మొక్కలకైనా వేరు కొనల్లో క్రోమోజోములు లెక్కపెట్టి, ఆ మొక్కలతోనే సైటోమీటర్ లెక్కను సరిచూసుకోవాలి.

హరితరేణువు: తల్లి పేరు చెబుతుంది, అంతకు మించి చెప్పదు

చాలా పూల మొక్కల్లో హరితరేణువు తల్లి నుంచే వస్తుంది. కాబట్టి సంకరానికి తల్లి ఎవరో, సంకరం ఒక్కసారే పుట్టిందా పలుమార్లు పుట్టిందా అనే ప్రశ్నలకు ఇదే సాటిలేనిది. ట్రాగోపోగాన్ కథ చూడండి. యూరప్ నుంచి ఉత్తర అమెరికా చేరిన మూడు జాతులు అక్కడ కలిసి, 24 క్రోమోజోములున్న రెండు కొత్త జాతులకు జన్మనిచ్చాయి. 1950లో వృక్షశాస్త్రవేత్త ఓన్‌బీ వాటిని వర్ణించాడు. వాటిలో ట్రాగోపోగాన్ మిసెల్లస్‌కు వాషింగ్టన్ రాష్ట్రంలోని పుల్‌మన్ దగ్గర తల్లి ట్రాగోపోగాన్ డ్యూబియస్, మిగతా చోట్ల ట్రాగోపోగాన్ ప్రాటెన్సిస్. పూరేకుల పొడవులో కనిపించే తేడాకు కారణం రెండు దిక్కులా జరిగిన సంకరణమేనని హరితరేణువు డీఎన్ఏ చూపింది. కేంద్రక మార్కర్లు ఎన్ని వాడినా ఈ దిక్కును అవి సూటిగా చెప్పలేవు.

పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మీ ప్రజాతిలో హరితరేణువు నిజంగా తల్లి నుంచే వస్తుందా? శంఖాకార వృక్షాల్లో తండ్రి నుంచి వస్తుంది. కివీలోనూ అంతే. అల్ఫాల్ఫాలో ఇద్దరి నుంచీ రావచ్చు. అరటిలో విడ్డూరంగా హరితరేణువు తల్లిది, మైటోకాండ్రియా తండ్రిది. సంకరాల మీద పనిచేసేవారికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. రెండు, మీరు ఎంచుకున్న ముక్కలో తల్లిదండ్రుల మధ్య అసలు తేడా ఉందా? దగ్గరి జాతుల్లో హరితరేణువు నత్తనడకన మారుతుంది. ఒక్కో జాతి నుంచి వేరువేరు చోట్ల తెచ్చిన రెండు మూడు మొక్కల మీద ఆరేడు ముక్కలు పరీక్షించి, తేడా ఉన్నవే పెద్ద నమూనాలకు వాడండి. టీఆర్ఎన్ఎల్-ఎఫ్ తో మొదలుపెట్టడం ఆనవాయితీ, ఎందుకంటే దాని ప్రైమర్లు (నకలు మొదలయ్యే చోట అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎక్కడైనా పనిచేస్తాయి. తేడాల కోసమైతే ఆర్‌పీఎల్32-టీఆర్ఎన్ఎల్, టీఆర్ఎన్‌హెచ్-పీఎస్‌బీఏ లాంటి ఖాళీ ప్రదేశాలు మెరుగు. ఏ లేదా టీ బేసులు (డీఎన్ఏ అక్షరాలు) పదికి మించి వరుసగా వచ్చే చోట నకలు తీసే ఎంజైము పాలిమరేజ్ జారిపోయి, అక్కడి నుంచి సీక్వెన్స్ చదవలేనంతగా చెదిరిపోతుంది. రెండు వైపుల నుంచీ చదివించడం తప్ప దారి లేదు. ఆ వరస పొడవులో కనిపించే తేడాను హాప్లోటైప్ (హరితరేణువు డీఎన్ఏ రకం) తేడాగా లెక్కించకండి.

హరితరేణువు ఒక్కదాన్నే పట్టుకుని 'ఇది సంకరం' అనడం చాలా సాధారణమైన తప్పు. ఒక జాతి హరితరేణువు పొరుగు జాతిలోకి చేరి, తర్వాతి బ్యాక్‌క్రాసుల్లో (సంకరం ఆ పొరుగు జాతితోనే మళ్ళీ మళ్ళీ కలవడంలో) మొదటి జాతి కేంద్రక జీనోమ్ దాదాపు పూర్తిగా కడిగివేయబడి, హరితరేణువు మాత్రం మిగిలిపోవచ్చు. ఆ మొక్కను సంకర జాతి అనలేం.

ఐటీఎస్: చవక, సులువు, అపాయకరం

రైబోజోమ్ ఆర్ఎన్ఏ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ ముక్క పూల మొక్కల్లో దాదాపు 600 నుంచి 700 బేసులు. జీనోమ్‌లో వేల నకళ్ళు ఉంటాయి కాబట్టి పాత ఎండు నమూనాల నుంచి కూడా పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పద్ధతి) పలుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తుంది కాబట్టి సంకరంలో రెండు రకాలూ కనిపించాలి.

కొత్త సంకరంలో అది ఎలా కనిపిస్తుందంటే: 112వ స్థానంలో ఒక జాతికి సీ, మరో జాతికి టీ ఉన్నాయనుకోండి. సంకర మొక్క క్రొమాటోగ్రామ్‌లో (సీక్వెన్సింగ్ యంత్రం గీసే శిఖరాల పటంలో) ఆ స్థానంలో సీ, టీ శిఖరాలు ఒకదాని మీద ఒకటి, సుమారు సమాన ఎత్తులో నిలబడతాయి. తల్లిదండ్రుల మధ్య తేడా ఉన్న ప్రతి స్థానంలోనూ ఇలాగే ఉంటే అది సంకరానికి బలమైన సాక్ష్యం. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎత్తైన శిఖరాన్ని రాసేసి రెండోదాన్ని దాచేస్తుంది. కాబట్టి అక్షరాల ఫైలు చూసి నిర్ణయించకండి, శిఖరాలు కళ్ళతో చూడండి. రెండు జాతుల మధ్య ఒకటి రెండు బేసుల చేర్పో, కోతో ఉంటే ఆ చోటు నుంచి సీక్వెన్స్ మొత్తం ఒకదానిమీదొకటి పడిన రెండు నీడల్లా అయిపోతుంది. దాన్ని చెడిన రీడ్ (యంత్రం చదివిన సీక్వెన్స్) అని పారేస్తారు. ముందు నుంచి చదివినప్పుడు ఒక చోట, వెనక నుంచి చదివినప్పుడు కూడా సరిగ్గా అదే చోట చెదిరితే అది చెడిన రీడ్ కాదు, మీరు వెతుకుతున్న సాక్ష్యమే.

అపాయం ఎక్కడంటే, ఈ వేల నకళ్ళు కాలక్రమేణా ఒకదాన్ని చూసి ఒకటి దిద్దుకుంటాయి. సంకరం పాతబడ్డాక రెండు రకాల్లో ఒకటి పూర్తిగా మాయం కావచ్చు. రెట్టింపైన పత్తి జాతుల్లో ఇదే జరిగిందని 1995లో వెండెల్ బృందం చూపింది. ఏ వైపు రకం మిగిలిందన్నది కూడా అన్ని జాతుల్లో ఒకేలా లేదు. అంటే ఐటీఎస్‌లో ఒకే రకం కనబడిందని 'సంకరం కాదు' అనలేరు. అదే ఏడాది సాంగ్, క్రాఫర్డ్, స్టూసీ పియోనియా ప్రజాతి మీద చేసిన పనిలో మాత్రం రెండు రకాలూ నిలిచే ఉన్నాయి. సంకర మూలాలు ఐటీఎస్ తోనే బయటపడ్డాయి. మీ మొక్క ఈ రెండిట్లో ఏ కోవకు చెందుతుందో చేసి చూస్తే గానీ తెలియదు.

రెండు రకాలను విడదీయడానికి క్లోనింగ్ (ఒక్కో నకలును బ్యాక్టీరియాలో విడిగా పెంచడం) చేస్తే క్లోన్ల సంఖ్య దగ్గర పిసినారితనం వద్దు. తక్కువగా ఉన్న రకం 20 శాతమే అనుకుంటే, 8 క్లోన్లు చదివినప్పుడు అది ఒక్కసారి కూడా తగలకపోయే అవకాశం 17 శాతం. 16 క్లోన్లయితే 3 శాతం. పీసీఆర్‌లో ఇంకో చిక్కుంది. సగంలో ఆగిన తల్లి రకపు ముక్క తర్వాతి చక్రంలో తండ్రి రకానికి అతుక్కుని, ప్రకృతిలో లేని మిశ్రమ సీక్వెన్స్ తయారవుతుంది. చక్రాలు 25 దాటనివ్వకుండా, పొడిగింపు సమయం పెంచి, మూడు వేరు వేరు పీసీఆర్లను కలిపి క్లోన్ చేస్తే ఇది బాగా తగ్గుతుంది. ఒకే ఒక్క క్లోన్‌లో కనబడిన మిశ్రమాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పనిచేయని నకళ్ళు కూడా దొరుకుతుంటాయి, మధ్యలోని 5.8ఎస్ భాగం దాదాపు మారకూడదు, అందులో మార్పులు కుప్పగా కనిపిస్తే ఆ క్లోన్‌ని పక్కన పెట్టండి.

జెల్ మీది బ్యాండ్లు

1990లో వచ్చిన ఆర్ఏపీడీతో ఇప్పుడు కొత్త పని మొదలుపెట్టొద్దు. పది బేసుల ప్రైమర్, 36 డిగ్రీల దగ్గర అతుకు. అంత వదులైన అతుకుకు డీఎన్ఏ మోతాదు కాస్త మారినా, యంత్రం మారినా బ్యాండ్లు మారతాయి. పైగా తల్లిలోనూ తండ్రిలోనూ లేని బ్యాండ్ సంకరంలో పుట్టుకొస్తుంది. రెండు అల్లీళ్ళు ఒకదానికొకటి అతుక్కుని జెల్‌లో వేరే చోట ఆగడం దీనికో కారణం. సంకరాల అధ్యయనానికి ఇంతకంటే అనుకూలించని గుణం ఉండదు. ఐఎస్ఎస్ఆర్ కొంచెం మెరుగు, అంతే.

ఏఎఫ్ఎల్‌పీ సంగతి వేరు. ఒక్కో నమూనాకు 200 నుంచి 500 నానోగ్రాముల శుభ్రమైన డీఎన్ఏ, ఈకోఆర్1, ఎంఎస్ఈ1 ఎంజైములు, రెండు దశల పీసీఆర్. జీనోమ్ గురించి ముందు ఏమీ తెలియకపోయినా వందల బ్యాండ్లు వస్తాయి. సీక్వెన్సింగ్ యంత్రం అందుబాటులో లేక, ఫ్రాగ్మెంట్ విశ్లేషణ యంత్రం మాత్రమే ఉన్నవాళ్ళకు రెట్టింపైన సంకరాల విషయంలో ఇది నేటికీ పనికొస్తుంది. తల్లి బ్యాండ్లు, తండ్రి బ్యాండ్లు కలిపితే సంకరం బ్యాండ్లు రావాలి. పాడయ్యేది ఎక్కువగా మొదటి దశలోనే: జిగురు, పిండి పదార్థాలు మిగిలిన డీఎన్ఏని ఎంజైము పూర్తిగా కోయలేదు, అప్పుడు పొడవాటి ముక్కలు ఎక్కువగా కనిపించి అవి కొత్త బ్యాండ్లలా మోసం చేస్తాయి. నూటికి పది నమూనాలైనా డీఎన్ఏ తీసే దగ్గర నుంచీ రెండోసారి చేసి తప్పుల శాతం లెక్కగట్టండి. పీసీఆర్ మాత్రమే మళ్ళీ చేస్తే సరిపోదు.

బ్యాండ్ల మార్కర్లన్నిటిదీ ఒకటే బలహీనత. బ్యాండ్ ఉందంటే అల్లీల్ ఒకటి ఉందో రెండున్నాయో చెప్పవు. మొదటి తరమా, రెండో తరమా, బ్యాక్‌క్రాసా అన్న ప్రశ్నకు ఇవి బలహీనమైన జవాబే ఇస్తాయి.

మైక్రోశాటిలైట్లు

కొద్ది బేసుల చిన్న వరస పదేపదే వచ్చే ఈ ముక్కలు రెండు అల్లీళ్ళనూ విడిగా చూపిస్తాయి. కొత్తగా పుట్టిన సంకరాలు, ఒకే జాతి పలుమార్లు పుట్టిన సందర్భాలు, ఒక ప్రాంతంలో ఇంకా జరుగుతున్న సంకరణం లాంటి పనులకు 10 నుంచి 20 లోకస్‌లతో బాగా సరిపోతాయి. వేగంగా మారే గుణమే ఇక్కడ బలం. పాత సంకరాలకు అదే బలహీనత: రెండు జాతుల్లో 184 బేసుల అల్లీల్ కనిపించినంత మాత్రాన అది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందని చెప్పలేం, వేర్వేరు దారుల్లో ఒకే పొడవుకు చేరుకుని ఉండొచ్చు. అనుమానం వస్తే ఆ అల్లీళ్ళను సీక్వెన్స్ చేసి చూడాలి.

ఒక జాతి కోసం తయారుచేసిన ప్రైమర్లు రెండో జాతిలో అతుక్కోకపోవడం అన్నిటికంటే తరచుగా ముంచే విషయం. సంకర మొక్కలో తండ్రి అల్లీల్ పీసీఆర్‌లో రాదు. తల్లి అల్లీల్ ఒక్కటే కనిపించి, మొక్క శుద్ధమైన తల్లి జాతిలా తేలుతుంది. తల్లిదండ్రుల జాతులు రెండిట్లోనూ ఎనిమిదేసి మొక్కల్లో ఒక్క దాంట్లోనైనా పీసీఆర్ విఫలమైన లోకస్‌ను మొహమాటం లేకుండా వదిలేయండి. నాలుగు సెట్ల క్రోమోజోములున్న మొక్కల్లో మూడు శిఖరాలు కనిపిస్తే ఏ అల్లీల్ రెండుసార్లు ఉందో శిఖరం ఎత్తు చూసి ఊహించడం కంటే, ఉన్నది లేనిది అని మాత్రం రాసుకోవడం నిజాయితీ.

ఎన్ని మార్కర్లు కావాలి? కాగితం మీద లెక్క

రెండు జాతుల్లో పూర్తిగా వేరే అల్లీళ్ళున్న, రెండు అల్లీళ్ళూ కనిపించే మార్కర్లు ఉన్నాయనుకుందాం. మొదటి తరం సంకరం తల్లి జాతితో కలిస్తే వచ్చే మొక్కలో ఒక్కో లోకస్ శుద్ధంగా కనిపించే అవకాశం సగం. ఐదు లోకస్‌లు చూస్తే ఆ మొక్క పూర్తిగా శుద్ధమైన తల్లి జాతిలా కనిపించే అవకాశం 3 శాతం. పదయితే వెయ్యికి ఒకటి. ఇంకోసారి బ్యాక్‌క్రాస్ జరిగితే అవకాశం ఒక్కో లోకస్‌కు నాలుగింట మూడు: పది లోకస్‌లతో 5.6 శాతం మొక్కలు తప్పించుకుంటాయి, ఇరవైతో 0.3 శాతం. మూడో బ్యాక్‌క్రాస్‌కు ఇరవై లోకస్‌లతో 7 శాతం తప్పించుకుంటాయి. యాభై ఉంటే 0.1 శాతం.

ఇది ఆదర్శ లెక్క. అల్లీళ్ళు పూర్తిగా వేరు కాకుండా కాస్త పంచుకుంటే సంఖ్య వేగంగా పెరుగుతుంది, ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్న మార్కర్లు రెండున్నా ఒకటితో సమానం. మొదటి తరం సంకరమా కాదా అనే ఒక్క ప్రశ్న కోసం వేల స్నిప్‌లకు (ఒక్క బేసు తేడా ఉన్న చోట్లకు) ఖర్చు పెట్టనక్కర్లేదు. మూడు నాలుగు తరాల వెనకటి జన్యు ప్రవాహం పట్టుకోవాలంటే పది మైక్రోశాటిలైట్లతో కుదరదు.

మార్కర్లు చేతికొచ్చాక వేయాల్సిన మొదటి బొమ్మ త్రిభుజ చిత్రం. అడ్డ గీత మీద తండ్రి జీనోమ్ వాటా, నిలువు గీత మీద తల్లి అల్లీల్, తండ్రి అల్లీల్ రెండూ ఉన్న లోకస్‌ల వాటా, రెండూ 0 నుంచి 1 వరకు. మొదటి తరం 0.5, 1 దగ్గర, అంటే త్రిభుజం కొనలో ఉంటుంది. రెండో తరం 0.5, 0.5 చుట్టూ. తల్లి జాతితో బ్యాక్‌క్రాస్ 0.25, 0.5 దగ్గర. స్థిరపడిన సంకర జాతి అడుగు గీత దగ్గరికి దిగిపోతుంది. రెట్టింపైన సంకరం ఎన్ని వేల ఏళ్ళదైనా మొదటి తరంలాగే కొనలోనే కూర్చుంటుంది. క్రోమోజోములు ముందే లెక్కపెట్టమన్నది అందుకే. మొక్కలను జన్యు సమూహాలుగా విడదీసే స్ట్రక్చర్ ప్రోగ్రాం ఇచ్చే రంగుల పట్టీల్లో ఈ తేడాలు కనిపించవు. అందులో 0.5 వచ్చిన మొక్క మొదటి తరమూ కావచ్చు, పదో తరమూ కావచ్చు. స్థిరపడిన సంకర జాతి అయితే మూడో సమూహంగా విడిపోయి అసలు మిశ్రమంగానే కనబడకపోవచ్చు.

జీనోమ్ మొత్తం మీద: ర్యాడ్‌సెక్, క్యాప్చర్, పూర్తి జీనోమ్

ర్యాడ్‌సెక్, దాని చుట్టాలైన జీబీఎస్, డీడీర్యాడ్ పద్ధతులు ఎంజైము కోసిన చోట్ల పక్కనున్న డీఎన్ఏనే చదువుతాయి; దగ్గరి జాతుల మధ్య, తాజా ఆకులతో, ఎక్కువ మొక్కలకు బాగుంటాయి. ముందస్తు జీనోమ్ అక్కర్లేదు. 50,000 లోకస్‌లు, ఒక్కో లోకస్‌ను 20 సార్లు చదవాలంటే ఒక్కో మొక్కకు పది లక్షల రీడ్లు. రీడ్లు అన్ని లోకస్‌ల మీదా సమానంగా పడవు కాబట్టి ఇరవై లక్షలు అడగండి. జాతులు దూరమయ్యేకొద్దీ ఎంజైము కోసే చోట్లు మారిపోయి, ఖాళీలు పెరుగుతాయి. ఆ ఖాళీలు యాదృచ్ఛికం కావు. దూరపు జాతివైపు అల్లీళ్ళే ఎక్కువగా రాలిపోతాయి.

ఇక్కడో ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. సాధారణ ఫిల్టర్లలో ఒకటి 'సగానికి మించి మొక్కల్లో రెండు అల్లీళ్ళూ కనిపించే లోకస్‌ను తీసేయి' అంటుంది. ఒకదానిమీదొకటి పడ్డ జంట జన్యువులను ఏరేయడానికి అది మంచిదే. కానీ రెట్టింపైన సంకరంలో, మొదటి తరం సంకరంలో, అన్ని మొక్కల్లోనూ రెండు అల్లీళ్ళు ఉండటమే సంకరానికి గుర్తు. ఆ ఫిల్టర్ గుర్తునే చెరిపేస్తుంది. హార్డీ-వైన్‌బెర్గ్ ఫిల్టర్ (అల్లీళ్ళ జతలు ఆశించిన నిష్పత్తిలో లేని లోకస్‌లను తీసేసేది) కూడా అంతే. ఫిల్టర్లను తల్లిదండ్రుల జాతుల మీద మాత్రమే వేసి, మిగిలిన లోకస్‌లలో సంకరాన్ని చూడండి.

ఎంచుకున్న జన్యువులను ప్రోబ్‌లతో పట్టి చదివే టార్గెట్ క్యాప్చర్, హెర్బేరియం (ఎండబెట్టి దాచిన మొక్కల) నమూనాలకు, దూరపు జాతుల ప్రజాతులకు సరైనది. ఎండిన నమూనాల డీఎన్ఏ 100 నుంచి 300 బేసుల ముక్కలుగా విరిగి ఉంటుంది. పొడవాటి పీసీఆర్ పలకదు, క్యాప్చర్ పలుకుతుంది. అన్ని పూల మొక్కలకూ ఉద్దేశించిన 353 జన్యువుల ప్రోబ్ సెట్ సిద్ధంగా దొరుకుతుంది. దీనితో అదనపు లాభం: లక్ష్యానికి తగలని రీడ్లలోనే హరితరేణువు సీక్వెన్స్ చాలాసార్లు దొరికేస్తుంది, జంట మార్కర్ నియమం తేలిగ్గా తీరుతుంది. చిక్కల్లా అసెంబ్లీలో, అంటే రీడ్లను అతికి సీక్వెన్స్ కట్టడంలో. ప్రోగ్రాం తల్లి నకలు కొంత, తండ్రి నకలు కొంత అతికి ఒకే సీక్వెన్స్ ఇచ్చేస్తే, వంశవృక్షంలో సంకరం ఇద్దరి మధ్యా ఎటూ కాకుండా తేలుతుంది. అల్లీళ్ళను వేరుచేసి, రెండు కొమ్మలుగా వృక్షంలో పెట్టాలి. జంట జన్యువులున్నాయని ప్రోగ్రాం హెచ్చరించిన లోకస్‌లను వెంటనే పారేయకండి. అవి సంకర మొక్కల్లో మాత్రమే కనిపిస్తుంటే అవే తల్లిదండ్రుల రెండు నకళ్ళు కావచ్చు.

పూర్తి జీనోమ్ చదవడం, మంచి రిఫరెన్స్ జీనోమ్ ఉన్న ప్రజాతుల్లోనే లాభసాటి. బొంతలోని ఒక్కో ముక్క పొడవు కొలిచి సంకరం ఎన్ని తరాల కిందటిదో అంచనా వేయాలంటే ఇది తప్పదు. వయసు ప్రశ్న లేకపోతే దీని జోలికి వెళ్ళకండి.

ఏబీబీఏ-బీఏబీఏ పరీక్ష (రెండు జాతులు పంచుకున్న అల్లీళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువున్నాయా అని చూసేది) ఈ మూడు పద్ధతుల్లో దేని డేటా మీదైనా చేయొచ్చు. జెడ్ విలువ (ఫలితం యాదృచ్ఛికం కాదనడానికి కొలత) 3 దాటితే రెండు జాతుల మధ్య జన్యు ప్రవాహం జరిగిందని అర్థం. 'కొత్త జాతి సంకరం వల్ల పుట్టింది' అని కాదు. రెట్టింపు కాని సంకర జాతి అనడానికి 2014లో షూమర్, రోసెంతాల్, ఆండొల్ఫాటో మూడు షరతులు పెట్టారు: తల్లిదండ్రులతో కలవకుండా వేరుపడి ఉండాలి, జీనోమ్‌లో సంకర సాక్ష్యం ఉండాలి, ఆ వేరుపడటం సంకరం వల్లే వచ్చి ఉండాలి. మార్కర్లు తేల్చేది రెండోది. మొదటిదానికీ మూడోదానికీ సంకరణ ప్రయోగాలు, జన్యు పటాలు కావాలి.

క్రోమోజోముల మీదే రంగు చూపించే జిష్ పద్ధతి కొత్తగా రెట్టింపైన సంకరాలకు కళ్ళారా చూసే సాక్ష్యం. పొగాకు (48 క్రోమోజోములు) లో నికోటియానా సిల్వెస్ట్రిస్, నికోటియానా టొమెంటోసిఫార్మిస్ వాటాలు విడివిడిగా వెలుగుతాయి. అదే ప్రజాతిలోని పాత సంకరాల్లో రెండు జీనోములూ కలగలిసిపోయి రంగు విడదు.

సందర్భాన్ని బట్టి మా ఎంపిక

రెట్టింపైన సంకరం, తల్లిదండ్రులెవరో తెలియాలి, డబ్బు తక్కువ: ఐటీఎస్ (క్లోన్లతో), రెండు మూడు హరితరేణువు ముక్కలు, ఒకటి రెండు ఒంటరి నకలు కేంద్రక జన్యువులు. చాలా సందర్భాల్లో ఇక్కడితోనే జవాబు వచ్చేస్తుంది. అదే జాతి ఎన్నిసార్లు పుట్టిందో కావాలంటే మైక్రోశాటిలైట్లు, హరితరేణువు హాప్లోటైపులు. వేల్స్‌లోనూ ఎడిన్‌బరోలోనూ సెనేసియో కేంబ్రెన్సిస్ విడివిడిగా పుట్టిందని 1992లో తేలింది అల్లోజైములు (ఒకే ఎంజైము వేర్వేరు రూపాలు), హరితరేణువు డీఎన్ఏ తోనే. పాత పరికరమైనా ప్రశ్నకు సరిపోతే చాలు. రెట్టింపు కాని సంకర జాతి అనుమానం ఉంటే మైక్రోశాటిలైట్లతో మొదలుపెట్టి రెండేళ్ళు పోగొట్టుకోవడం కంటే నేరుగా డీడీర్యాడ్ కు వెళ్ళండి. చేతిలో ఉన్నవి హెర్బేరియం షీట్లే అయితే క్యాప్చర్.

ఏది ఎంచుకున్నా నమూనాల్లో పొదుపు చేస్తే మార్కర్ కాపాడలేదు. అనుమానిత తల్లిదండ్రులనే కాదు, ఆ ప్రజాతిలో దగ్గరి జాతులన్నిటినీ చేర్చాలి. అసలు తండ్రి నమూనాల్లో లేకపోతే ప్రోగ్రాం అతనికి దగ్గరి చుట్టాన్ని తండ్రిగా చూపిస్తుంది, ఎలాంటి హెచ్చరికా ఇవ్వదు. తల్లిదండ్రుల జాతుల నుంచి, సంకరం పెరగని దూరపు ప్రాంతాల్లోని మొక్కలు కూడా ఉండాలి. పక్కనే పెరిగే 'శుద్ధమైన' మొక్కలు శుద్ధమైనవి కాకపోవచ్చు. ఆకులను బరువుకు పదింతలు సిలికా జెల్‌లో వేసి ఒక రోజులోపు పెళుసుగా ఆరబెట్టండి. మెత్తగా ఉంటే జెల్ మార్చాలి. జిగురు ఎక్కువున్న ఆకులకు డీఎన్ఏ తీసే సీటీఏబీ బఫర్‌లో 2 శాతం పీవీపీ కలిపి, క్లోరోఫాం కడుగుడు రెండుసార్లు చేయండి.

చివరికి హరితరేణువు ఒక మాట, కేంద్రక మార్కర్లు ఇంకో మాట చెబితే ముందు అనుమానించాల్సింది గొట్టాల మీది లేబుళ్ళను. అదే మొక్క ఆకు నుంచి డీఎన్ఏ కొత్తగా తీసి రెండూ మళ్ళీ చేయండి. ఫలితం మారకపోతే పటం తీయండి. పరాయి హరితరేణువు, ఆ పరాయి జాతి పక్కనే పెరిగే చోట్ల మాత్రమే కనిపిస్తూ, అక్కడి హాప్లోటైపుతోనే అచ్చంగా కలిస్తే అది సంకరణం వల్ల వచ్చిందే. చోటుతో పొంతన లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తూ, పరాయి జాతిలోని ఏ హాప్లోటైపుతోనూ పూర్తిగా కలవకపోతే, రెండు జాతులూ విడిపోకముందు ఉమ్మడి పూర్వీకుడిలో ఉన్న పాత తేడా అలాగే మిగిలిపోయి ఉండొచ్చు. అప్పుడు దాన్ని సంకరానికి సాక్ష్యంగా రాయకూడదు.